గుండె మార్పిడి తర్వాత డై టెస్టులు: నాకు ఏది వాడారు, ఏది వద్దన్నారు

గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళకి గుండెనొప్పి సరిగ్గా తెలియదు. ఆపరేషన్‌లో రక్తనాళాలు కలిపి కుడతారు గానీ గుండెకొచ్చే నరాలు తెగినవి తెగినట్టే ఉంటాయి, అందుకని కొత్త గుండె రక్తనాళాలు లోపల మందమెక్కి సన్నబడుతున్నా చాలామందికి ఛాతీలో ఏమీ అనిపించదు. కొందరికి ఏళ్ళు గడిచాక నరాలు కొంతవరకు మళ్ళీ పెరుగుతాయి, నిజమే, కానీ దాన్ని నమ్ముకుని టెస్టులు మానేయలేం కదా. ఏదో ఒక పద్ధతిలో గుండె లోపల ఏం జరుగుతోందో అప్పుడప్పుడూ చూస్తూనే ఉండాలి. చిక్కంతా ఇక్కడే. బాగా కనపడాలంటే డై, అంటే స్కాన్ బొమ్మలో లోపలి భాగాలు తేలేలా చేసే మందు, ఎక్కించాలి, మామూలుగా వాడే డై కిడ్నీల మీదుగానే బయటికి పోవాలి, మా కిడ్నీలేమో రిజెక్షన్ (ఒళ్ళు కొత్త గుండెని పరాయిదనుకుని ఎదిరించడం) రాకుండా వేసుకునే మందుల వల్ల ముందే దెబ్బతిని ఉంటాయి.

నా సంగతి చెప్తాను. యాభై దాటాయి. మార్పిడికి ముందు కిడ్నీ రిపోర్టులు బాగానే ఉండేవి, తర్వాత మెల్లగా క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపలేకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 1.8కి వచ్చి కూర్చుంది, ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడకట్టే శక్తిని చెప్పే అంకె, 34. దీనికి ముఖ్య కారణం రిజెక్షన్ రాకుండా వేసుకునే టాక్రోలిమస్. కిడ్నీలోని జల్లెడలకి రక్తం తెచ్చే సన్నటి నాళాల్ని అది బిగిస్తుంది, అలా ఏళ్ళ తరబడి బిగిస్తూ ఉంటే కిడ్నీ కొంత మచ్చకట్టిపోతుంది. యాంజియోగ్రామ్‌కి, సీటీకి వాడే అయోడిన్ డై కూడా కిడ్నీ లోపలి భాగానికి కాసేపు రక్తం తగ్గిస్తుంది, పైగా అక్కడి కణాల మీద నేరుగా కూడా పనిచేస్తుంది. అంటే రెండూ ఒకే చోట దెబ్బకొట్టేవే. అందుకే ఆ ఏడాది యాంజియోగ్రామ్ (గుండె నాళాల దాకా సన్నటి గొట్టం పంపి డై పోసి చూసే పరీక్ష) అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

నాకు చెప్పినవాళ్ళు తలో మాట చెప్పారు. గుండె డాక్టరు గారు యాంజియోగ్రామ్ తప్పదన్నారు. కిడ్నీ డాక్టరమ్మ డై జోలికి పోకుండా ఇంకేదైనా దారి ఉందేమో చూడమన్నారు. అంతకుముందు ఒక స్కాన్ సెంటర్‌లో ఎంఆర్‌ఐ కోసం వెళ్తే కౌంటర్‌లో కుర్రాడు ఫారం చూసి, "మేడం, మీ కిడ్నీ నంబరుకి గాడోలినియం ఇవ్వకూడదు" అని, అంటే ఎంఆర్‌ఐకి వాడే డై, అక్కడికక్కడే తిప్పి పంపేశాడు. మా ఆయన ఇంటర్నెట్‌లో వెతికి, సీటీ యాంజియో అయితే కత్తీ గొట్టం ఏమీ ఉండదట, అదే చేయించుకుందాం అన్నారు. ఎవరి మాట వారిదే, ఎవరూ పూర్తిగా తప్పు కాదు, కానీ నలుగురి మాటా కలిపి పెట్టుకుంటే ఏ టెస్టూ చేయించుకోలేం.

చివరికి గుండె డాక్టరు గారినే అడిగాను, ఏ డై అయితే నా కిడ్నీకి మంచిదండీ అని. ఆయన నవ్వి, "చూడమ్మా, డై సంగతి తర్వాత. ముందు మనకి ఏం తెలియాలో అనుకుందాం. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో తెలియాలా, కండకి రక్తం ఎంత అందుతోందో తెలియాలా, నాళం గోడ ఎంత మందమైందో తెలియాలా, లోపల మచ్చ ఉందో లేదో తెలియాలా? ఒక్కోదానికి ఒక్కో పరీక్ష, ఒక్కో పరీక్షకి ఒక్కో డై, కొన్నిటికి డై అక్కర్లేదు కూడా. తెలిసిన జవాబుతో నీ మందులు మారేటట్టయితేనే ఆ పరీక్ష చేయిస్తాను" అన్నారు. అప్పటిదాకా నేను టెస్టుల్ని వాటి పేర్లతోనే తూచాను, ఏది పెద్దది, ఏది చిన్నది అని. ఆయన మాటతో క్రమం మారిపోయింది. అక్కడినుంచి జరిగిందంతా ఈ లెక్క ప్రకారమే జరిగింది కాబట్టి అలాగే చెప్తాను.

అన్నిటికంటే ముందు నా కిడ్నీ నంబరు ఎంతవరకు నిజమో తేల్చారు. ఇది ఎవరూ మాట్లాడరు గానీ చాలా ముఖ్యం. మార్పిడి అయినవాళ్ళలో చాలామంది ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ వేసుకుంటూ ఉంటారు. అందులో ఉండే ట్రైమెథోప్రిమ్ కిడ్నీ నుంచి క్రియాటినిన్ బయటికి పోయే ఒక దారిని మూసేస్తుంది, దాంతో కిడ్నీ పనిలో తేడా లేకపోయినా రక్తంలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఇంకోపక్క మంచాన పడి కండ కరిగిపోయినవాళ్ళకి క్రియాటినిన్ తక్కువ చూపించి కిడ్నీ బాగున్నట్టు మోసం చేస్తుంది. అందుకని సిస్టాటిన్ సి అనే ఇంకో రక్తపరీక్ష కూడా చేయించారు, మళ్ళీ దానికీ ఒక మెలిక ఉంది, స్టెరాయిడ్ వాడేవాళ్ళకి అది పెరిగి కనపడొచ్చు, నేను ప్రెడ్నిసోలోన్ వేసుకుంటాను. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి, మొత్తానికి ఈజీఎఫ్‌ఆర్ 30కి పైనే, 45కి కిందే అని తేల్చారు కిడ్నీ డాక్టరమ్మ. ఆ 30 గీత ఎందుకు ముఖ్యమంటే, అమెరికా రేడియాలజీ కాలేజీ, అక్కడి కిడ్నీ ఫౌండేషన్ కలిసి 2020లో ఇచ్చిన మాట ప్రకారం నరంలోకి ఎక్కించే అయోడిన్ డై వల్ల కిడ్నీకి ముప్పు ముఖ్యంగా 30 కంటే తక్కువున్నవాళ్ళలోనే పట్టించుకోవాల్సినది, 30 నుంచి 44 మధ్యవాళ్ళకి మిగతా పరిస్థితి చూసి డాక్టరు నిర్ణయించుకోవాలి. నేను సరిగ్గా ఆ మధ్యలో ఉన్నాను. గీత మీద నిలబడ్డవాళ్ళకి రూలు పుస్తకం సగమే పనికొస్తుంది.

మొదటి ప్రశ్న గుండె పంపింగ్. ఎకోలో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్‌లో, నా గుండె బొమ్మ ఎప్పుడూ మసకే, ఛాతీ ఎముక కోసి కట్టిన చోట, ఊపిరితిత్తుల గాలి అడ్డం వచ్చి కొన్ని గోడలు కనపడవు. దీనికి డై కావాలన్నప్పుడు నేను బిగుసుకుపోయాను. తీరా చూస్తే ఇది వేరే జాతి. అయోడిన్ లేదు, గాడోలినియం లేదు, బుడగలు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గానీ ఇంకో బరువైన ఫ్లోరిన్ వాయువు గానీ ఉండే సూక్ష్మమైన బుడగలు, చుట్టూ కొవ్వు పదార్థంతోనో ఆల్బుమిన్‌తోనో పల్చటి పొర, సైజు ఎర్ర రక్తకణం అంతే లేదా అంతకన్నా చిన్నది. చేతి నరంలోకి ఇస్తే ఊపిరితిత్తులు దాటి గుండె ఎడమ గదిలోకి చేరతాయి, అల్ట్రాసౌండ్ తగలగానే మెరుస్తాయి, గది అంచు గీత గీసినట్టు కనపడుతుంది. కాసేపటికి బుడగ పగిలి ఆ వాయువు మన ఊపిరితోనే బయటికి పోతుంది. కిడ్నీకి ఇందులో పనే లేదు. క్రియాటినిన్ ఎంతున్నా ఇవ్వొచ్చు.

అలా అని అసలు అడగాల్సినవి లేకపోలేదు. 2007లో అమెరికాలో వీటి మీద గుండె, ఊపిరి సమస్యలు వస్తున్నాయని చాలా గట్టి హెచ్చరిక వేశారు, మరుసటి ఏడాదే చాలావరకు సడలించారు. కొవ్వు పొర ఉన్న రకాల్లో పాలీఎథిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది పడనివాళ్ళకి అలర్జీ రావచ్చని 2021లో మళ్ళీ హెచ్చరిక చేర్చారు. ఈ పదార్థం కొన్ని విరేచనాల మందుల్లో కూడా ఉంటుంది, అందుకే పెద్దపేగు పరీక్షకి ముందు తాగే మందు ఎప్పుడైనా పడలేదా అని నర్సు అడిగింది, గుండె టెస్టుకీ దానికీ ఏమిటి సంబంధమా అనుకున్నాను నేను. పడకపోతే ఆల్బుమిన్ పొర రకం ఉంది. నాకు ఏ ఇబ్బందీ రాలేదు, ఇచ్చినట్టు కూడా తెలియలేదు. పంపింగ్ బాగుంది, గోడలన్నీ కదులుతున్నాయి. ఒక ప్రశ్న అయిపోయింది. నా అభిప్రాయం అడిగితే ఎకో మసకగా ఉన్న ప్రతి మార్పిడి పేషెంటూ బుడగల ఎకో వీలవుతుందా అని ముందే అడగాలి, ఎందుకంటే ఈ ఒక్కదానితోనే యాంజియోగ్రామ్ టేబుల్ మీద కొంత డై మిగులుతుంది. ఎలాగో తర్వాత చెప్తాను.

రెండోది ఎంఆర్‌ఐ, దానిమీదే భయాలు ఎక్కువ. కౌంటర్ కుర్రాడు గాలికి అన్నమాట కాదు అది, దాని వెనక పెద్ద కథే ఉంది. 1997లో మొదటిసారి కొందరు కిడ్నీ పేషెంట్లకి చర్మం చెక్కలా గట్టిపడి, కీళ్ళు ముడుచుకుపోయే వింత జబ్బు కనపడింది, 2000లో దాని గురించి ప్రచురించారు, కారణం మాత్రం 2006 వరకు పట్టుబడలేదు. అప్పుడు తెలిసింది, ఆ పేషెంట్లకి అంతకుముందు గాడోలినియం ఇచ్చారని. గాడోలినియం అనేది విషలోహం, విడిగా ఒంట్లో తిరగకూడదు, అందుకని దాన్ని ఇంకో అణువు పట్టుకుని ఉంటుంది. కొన్ని రకాల్లో ఆ పట్టు తెరిచిన గొలుసులా వదులుగా ఉండేది, గాడోడయామైడ్ లాంటివి అవే. కిడ్నీ బలహీనంగా ఉండి అది ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతే లోహం జారిపోయేది. ఇంకో జాతి రకాలు, గాడోబ్యూట్రాల్, గాడోటెరేట్, గాడోటెరిడాల్, ఇవి లోహాన్ని అన్నివైపులా పంజరంలో పెట్టి బిగించినవి. వీటితో ఆ చర్మజబ్బు రావడం అత్యంత అరుదు, ఎంత అరుదంటే అమెరికా రేడియాలజీ కాలేజీ ఈ రకాలకి కిడ్నీ నంబరు చూడటం కూడా తప్పనిసరి కాదంటోంది. యూరప్ 2017లో వదులు పట్టు రకాల్లో చాలావాటిని అసలు వాడకంలోంచే ఆపేసింది. అంటే ఆ ఫారం మీద రాసుకున్న రూలు వదులు పట్టు మందుది, ఇస్తామన్నది పంజరం మందు. నా ఈజీఎఫ్‌ఆర్ 34కి పంజరం రకం హాయిగా ఇవ్వొచ్చు. ఫారం మార్చేవాళ్ళు లేక నన్ను తిప్పి పంపారు, అంతే.

అయినా ఈసారి నాకు గాడోలినియం ఇవ్వలేదు. కారణం భయం కాదు. గాడోలినియం బాగా చూపించేది మచ్చ, గుండె కండలో చచ్చిపోయిన భాగం, కండ మధ్యలో పేరుకున్న నార. ఎకోలో గోడలన్నీ సవ్యంగా ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్న ఇప్పుడు లేదు. ఒకప్పుడు రిజెక్షన్ అనుమానం వచ్చినప్పుడు చేసిన ఎంఆర్‌ఐలో టీ2 మ్యాపింగ్ అని ఒకటి చేశారు, కండలో నీరుచేరి ఉబ్బిందా అని కొలిచేది, దానికి ఏ డై కూడా అక్కర్లేదు. ఎంఆర్‌ఐ అనగానే డై ఉంటుందనుకోవద్దు, అడగండి. ఇంకో సంగతి, గాడోలినియం ఇస్తే ఎంత ఇస్తారని కూడా అడగొచ్చు, మామూలు మోతాదు కిలో బరువుకి 0.1 మిల్లీమోల్, 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన గాడోపిక్లెనాల్ అనేదానికి అందులో సగం చాలు.

కిడ్నీ డాక్టరమ్మ ఇనుముతో చేసిన ఇంకో మందు గురించి కూడా చెప్పారు, ఫెరుమాక్సిటాల్ అని, రక్తహీనతకి ఇచ్చేది, దాన్నే కొన్నిచోట్ల ఎంఆర్‌ఐ డైగా వాడతారు, కిడ్నీ మీద భారం లేదు. కానీ ప్రాణం మీదకొచ్చే అలర్జీ రావచ్చని 2015లో దానిమీద గట్టి హెచ్చరిక వేశారు, పైగా ఒకసారి ఎక్కిస్తే ఒంట్లో నెలలపాటు ఉండి మూడు నెలలవరకు తర్వాతి ఎంఆర్‌ఐ బొమ్మల్ని మార్చేస్తుంది. మాకు దాని అవసరం రాలేదు.

మూడోది మా ఆయన కోరిన సీటీ యాంజియో. దీన్ని ఎందుకు కొట్టేశారంటే, రెండు కారణాలు. మార్పిడి గుండెకి నరాలు లేవు కాబట్టి దాన్ని నెమ్మదిగా ఉంచే నరమూ లేదు, పడుకుని ఉన్నా 90, 100 కొట్టుకుంటుంది. సీటీలో నాళాలు కదలకుండా స్పష్టంగా పడాలంటే 60 దగ్గరికి రావాలి. దానికి మందులివ్వాలి, ఆ మందుల్లో డిల్టియాజెమ్ ఇస్తే అది టాక్రోలిమస్ లెవెల్‌ని అమాంతం పెంచేస్తుంది, లెవెల్ పెరిగితే కిడ్నీ ఇంకా బిగుసుకుంటుంది. ఇంకోరకం మందులున్నాయి, వేగంగా తీసే యంత్రాలున్నాయి, కొంతమందికి బాగానే చేస్తారు. కానీ రెండో కారణం, దానికి పట్టే అయోడిన్ డై. సీటీకి మామూలుగా 50 నుంచి 100 ఎం.ఎల్. దాకా పోస్తారు. అదే జాగ్రత్తగా చేసే యాంజియోగ్రామ్‌కి అందులో సగం కూడా పట్టకపోవచ్చు. గొట్టం వేయరు కాబట్టి సీటీయే సురక్షితం అనుకుంటాం, నాలాంటివాళ్ళ విషయంలో కిడ్నీ లెక్క అటు తిరగబడింది. దీనికి మా ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు.

నాలుగోది పెట్ స్కాన్, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది. ఇందులో ఇచ్చేది నిజానికి డై కాదు, రేడియోధార్మికత ఉన్న రుబీడియం 82 గానీ అమ్మోనియా గానీ, బరువులో లెక్కకి రానంత తక్కువ. రుబీడియం సగం ఆయుష్షు 75 సెకన్లు, అమ్మోనియాది పది నిమిషాలు. కిడ్నీకి నష్టం లేదు. గుండె కండలో ఒక్కో గ్రాముకి నిమిషానికి ఎన్ని ఎం.ఎల్. రక్తం అందుతోందో కొలిచి చెప్తుంది, విశ్రాంతిలో ఒకసారి, నాళాలు విప్పారే మందు ఇచ్చి ఇంకోసారి. ఇక్కడ మార్పిడి పేషెంట్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఆ విప్పారే మందు ఏది అని. అడినోసిన్‌కి నరాల్లేని గుండె మరీ ఎక్కువగా స్పందిస్తుంది, కొట్టుకోవడం కొన్ని క్షణాలు ఆగిపోయే ప్రమాదం ఉంది. నాకు రెగాడినోసన్ ఇచ్చారు, అదీ మానిటర్ పెట్టి, పక్కనే డాక్టరు నిలబడి. మొహం వేడెక్కింది, ఊపిరి కొంచెం బరువైంది, కాసేపటికి తగ్గిపోయింది. ముందురోజు నుంచి కాఫీ, టీ మానేయమన్నారు, కెఫీన్ ఉంటే ఆ మందు సరిగ్గా పనిచేయదు, నాకు టెస్టు కంటే అదే కష్టమైంది.

పెట్ బొమ్మ మాత్రం చూస్తే అన్నివైపులా ఒకే రంగు, చక్కగా ఉంది. నేను అమ్మయ్య అనుకున్నాను. డాక్టరు గారు అంకెలు చూపించారు. మార్పిడి గుండెలో నాళాల జబ్బు మామూలు గుండెపోటు జబ్బులా ఒకచోట గడ్డకట్టి కూర్చోదు, అన్ని నాళాలూ ఆ చివరినుంచి ఈ చివరిదాకా సమంగా మందమెక్కుతాయి. వీధి మొత్తానికి నీళ్ళ ప్రెషర్ తగ్గితే ఏ ఇంటి కుళాయికీ తేడా కనపడదు, అలా అన్నమాట. రంగుల బొమ్మ ఒక భాగాన్ని ఇంకో భాగంతో పోల్చేది, అందుకే అది బాగుంది. మందు ఇచ్చాక రక్తం ఎన్ని రెట్లు పెరిగిందనే అంకె మాత్రం కిందటిసారి కంటే తగ్గింది. పెట్ చేయించుకున్నవాళ్ళు రిపోర్టులో ఆ అంకె ఉందో లేదో చూసుకోండి, ఉత్త బొమ్మ చూసి నార్మల్ అంటే ఒప్పుకోకండి.

ఇక అయోడిన్ డైతో యాంజియోగ్రామ్ తప్పించుకోలేమని అప్పుడు తేలింది, కానీ ఇప్పుడు దానికో కారణం ఉంది. నాళం గోడ నిజంగా మందమైందా, అయితే మందు మార్చాలి. ఈసారి కిడ్నీ డాక్టరమ్మే సరే అన్నారు.

డై రకం గురించి చాలా చదివాను నేను. పాతకాలం డైలు రక్తం కంటే అయిదు రెట్లు గాఢం, ఆ గాఢతని కొలిచే ఆస్మోలాలిటీ అనే అంకె 1500 పైన, ఇప్పుడు వాడేవాటిలో ఐయోహెక్సాల్ లాంటివి 600 నుంచి 850 మధ్య, ఐయోడిక్సనాల్ ఒక్కటే రక్తంతో సమానంగా 290. చదివినప్పుడు 290దే గెలుపు అనిపిస్తుంది. అడిగితే డాక్టరు గారు, ఈ రెండు కొత్త రకాల మధ్య కిడ్నీ పరంగా తేడా జనం అనుకున్నంత లేదమ్మా, నేను ఐయోడిక్సనాలే వాడతాను గానీ అసలు సంగతి ఎంత పోస్తామన్నది అన్నారు. ఆయన పెట్టుకున్న హద్దు ఏమిటంటే, మొత్తం డై నా ఈజీఎఫ్‌ఆర్ అంకె దాటకూడదు, అంటే 34 ఎం.ఎల్. లోపు. దానికి మూడు రెట్లవరకు వెళ్ళేవాళ్ళున్నారు, ఆయన ఒక రెట్టు దగ్గరే ఆగాలనుకున్నారు. ఇక్కడే బుడగల ఎకో పనికొచ్చింది. యాంజియోగ్రామ్‌లో మామూలుగా గుండె ఎడమ గదిలోకి కూడా ఒకసారి డై గుప్పించి పంపింగ్ చూస్తారు, అదొక్కటే చాలా డై తినేస్తుంది, పైగా ఆ డై బృహద్ధమనిలోంచి నేరుగా కిడ్నీల్లోకే వెళ్తుంది. పంపింగ్ ఎకోలో తెలిసిపోయింది కాబట్టి అది అక్కర్లేదన్నారు. గుండె సొంత నాళాల్లోకి పోసే డై ఎక్కువ భాగం గుండె కండ, ఊపిరితిత్తులు చుట్టి పలచబడ్డాకే కిడ్నీకి చేరుతుంది.

నాళం గోడ మందం కొలవడానికి రెండు పద్ధతులున్నాయి, కాంతితో చూసే ఓసీటీ, శబ్దంతో చూసే ఐవస్. ఓసీటీ బొమ్మ చాలా స్పష్టం, కానీ కాంతికి రక్తం అడ్డం కాబట్టి చూసిన ప్రతిసారీ డై కొట్టి రక్తాన్ని తోసేయాలి. ఐవస్‌కి రక్తం అడ్డం కాదు, అదనపు డై వద్దు. నాకు ఐవస్ చేశారు. ఇలాంటి చిన్న ఎంపికలే డైని మిగిల్చాయి, సీసా మీద పేరు కాదు.

ముందు జాగ్రత్తలు కూడా నేను ఊహించినట్టు లేవు. ఒకప్పుడు అసిటైల్ సిస్టీన్ పొడి కలుపుకుని తాగమనేవాళ్ళు, 2018లో వచ్చిన ప్రిజర్వ్ అనే పెద్ద అధ్యయనంలో దానివల్ల లాభం లేదని తేలింది, సోడా బైకార్బొనేట్ డ్రిప్ కూడా మామూలు సెలైన్ కంటే మెరుగు కాదని తేలింది. కాబట్టి అవేమీ ఇవ్వలేదు. సెలైన్ కూడా అందరికీ ఒకే లెక్కన ఎక్కించకూడదు, గుండెకి భారమవుతుంది, అందుకని గొట్టం లోపలికి వెళ్ళగానే గుండెలో ప్రెషర్ కొలిచి దాన్నిబట్టి డ్రిప్ వేగం పెట్టారు. నొప్పి మాత్రలు చాలారోజుల ముందే బంద్, నీరుపోయే మాత్ర ఆ పూటకి ఆపారు. టాక్రోలిమస్ లెవెల్ ముందే చూసి ఎక్కువుంటే తగ్గించుకుని రమ్మన్నారు. పరగడుపున ఉండమన్నారని రిజెక్షన్ మందులు మానేస్తారు కొందరు, అలా చేయకూడదు, కాసిని నీళ్ళతో వేసుకోమనే చెప్తారు, లెవెల్ కోసం రక్తం తీయాల్సి ఉంటే మాత్రం తీశాక వేసుకోవాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు దాని సంగతి విడిగా అడగాలి, నాకు షుగర్ లేదు. ఫారంలో రొయ్యలు, చేపలు పడవా అని ఒక గడి ఉంది, దానికీ అయోడిన్ డైకీ ఏ సంబంధం లేదట, ఇంకా ఎందుకు అచ్చేస్తున్నారో మరి. ఇంతకుముందు ఏ డై పడలేదో దాని పేరు మాత్రం ముఖ్యం.

టెస్టు మణికట్టు దగ్గర్నుంచి చేశారు. డై వెళ్ళినప్పుడు ఛాతీలో వెచ్చగా ఒక అల వచ్చి పోయింది, సీటీలో వచ్చేంత వేడి కాదు. మధ్యమధ్యలో డాక్టరు గారు ఎంతైంది అని అడగడం, నర్సు అంకె చెప్పడం వినపడుతూనే ఉంది. 30 లోపే ముగించారు. డై పోసిన బొమ్మలో నాళాలు నునుపుగా, ఫరవాలేదనే కనపడ్డాయట. ఐవస్‌లో లోపలి పొర 0.5 మిల్లీమీటరు దాటి ఉంది, కిందటి కొలత కంటే ఎక్కువ. అంటే డై బొమ్మ ఒక్కటే చూసుకుని ఉంటే బాగుందని ఇంటికి పంపేవాళ్ళు.

48 గంటల తర్వాత క్రియాటినిన్ 1.9. నేను కంగారుపడ్డాను. 0.3 పెరిగితేనే లెక్క, ఇది ల్యాబ్ తేడా కూడా కావచ్చు అన్నారు కిడ్నీ డాక్టరమ్మ, పెరిగినా ముందు టాక్రోలిమస్ లెవెల్, నీళ్ళు తాగడం, బీపీ ఇవన్నీ చూశాకే డైని అంటాను అన్నారు, ఎందుకంటే ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి డై ఇవ్వకపోయినా క్రియాటినిన్ అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. తర్వాతి పరీక్షలో మళ్ళీ 1.8.

మందు మారింది. మూత్రంలో ప్రొటీన్ పోవడం లేదని చూసుకుని ఎవరోలిమస్ అనే ఇంకో రిజెక్షన్ మందు మొదలుపెట్టారు, అది నాళాల పొర పెరగడాన్ని నెమ్మదింపజేస్తుంది, దానివల్ల టాక్రోలిమస్ డోసు తగ్గించే వీలూ దొరికింది. నోట్లో పుండ్లు వస్తున్నాయి, కొలెస్టరాల్ పెరిగింది, ఇంకా సర్దుకుంటున్నాను. ఫైలు మొదటి పేజీలో ఇప్పుడు ఇచ్చిన ప్రతి డై పేరు, ఎంత ఇచ్చారు, ముందూ వెనకా క్రియాటినిన్ ఎంత అని రాయించుకుంటున్నాను, స్కాన్ సెంటర్ కౌంటర్‌లో అది చూపిస్తే సగం వాదన తగ్గుతోంది.

వచ్చే ఏడాదికి ముందు పెట్ అని ఇద్దరూ ఒప్పుకున్నారు. దాని అంకె మారకపోతే యాంజియోగ్రామ్ అక్కర్లేదని కిడ్నీ డాక్టరమ్మ, కొత్త మందు పనిచేస్తోందో లేదో ఐవస్ ఒక్కటే చెప్పగలదని గుండె డాక్టరు గారు. ఆ మాట ఇంకా తెగలేదు.